సంతకం పేజీ ఒక్కటే పంపిస్తే పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

నాకు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది, పదకొండేళ్ల నుంచి నడుపుతున్నాను. పోయిన వారం ఒకబ్బాయి వచ్చి ఫోన్ చూపించి "అక్కా, ఈ పీడీఎఫ్‌లో సంతకం పేజీ ఒక్కటే ప్రింట్ తియ్యి, సంతకం పెట్టి స్కాన్ చేసి కన్సల్టెన్సీ వాళ్లకి పంపాలి, సాయంత్రం ఐదు లోపు కావాలంట" అన్నాడు. ఏంటా అని చూస్తే అమెరికాకి ట్రైనింగ్ మీద వెళ్లే పిల్లలు సంతకం పెట్టే డీఎస్-7002 ఫారం. ఆ నంబర్ చూడగానే నా కాళ్లూ చేతులూ ఆడలేదు, ఎందుకంటే 2024లో నా సొంత తమ్ముడికి అదే ఫారం, అదే పేజీ ఒక్కటే, ఇదే మిషన్ మీద నేనే ప్రింట్ తీసి ఇచ్చాను, నేనూ చదవలేదు వాడూ చదవలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడుగైతే మన్నించండి.

మా తమ్ముడు హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేశాడు. ఫైనల్ ఇయర్‌లో కాలేజీకి ఒక కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి అమెరికాలో ఏడాది జాబ్, జీతం డాలర్లలో, ఆ తర్వాత అక్కడే సెటిల్ అవ్వొచ్చు అని సెమినార్ పెట్టారు. దాన్ని జే-1 వీసా అంటారు. ఈ వీసా గురించి మన ఊళ్లలో తెలిసింది చాలా తక్కువండి, హెచ్-1బీ గురించి అయితే టీ కొట్టు దగ్గర కూడా చెప్తారు గాని దీని గురించి అడిగితే ఎవరికీ తెలీదు. నాకు తెలిసిందల్లా వాడు వెళ్లిపోయాక, కష్టం వచ్చాక, రాత్రిళ్లు షాపు కట్టేసి కూర్చుని చదివితే తెలిసింది.

జే-1 అనేది జాబ్ వీసా కాదు. 1961లో అమెరికా వాళ్లు చేసుకున్న ఒక చట్టం కింద వచ్చింది, వేరే దేశాల వాళ్లు వచ్చి నేర్చుకుని తిరిగి వాళ్ల దేశం వెళ్లాలి అన్నదే దాని ఉద్దేశం. అందులో ఇంటర్న్ అని ఒకటి, ట్రైనీ అని ఒకటి. చదువుతున్న వాళ్లు, లేదా చదువు అయ్యి 12 నెలలు దాటని వాళ్లు ఇంటర్న్ కింద వెళ్తారు, గరిష్ఠం 12 నెలలు. డిగ్రీతో పాటు ఏడాది అనుభవం ఉన్నవాళ్లు, డిగ్రీ లేకపోతే ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ట్రైనీ కింద వెళ్తారు, వాళ్లకి 18 నెలల దాకా ఇస్తారు గాని హోటల్, టూరిజం లైన్ అయితే వాళ్లకీ 12 నెలలే. అయిపోయాక సర్దుకోవడానికి, తిరగడానికి 30 రోజులు, తర్వాత బయలుదేరాల్సిందే. హెచ్-3 అని ఇంకో ట్రైనింగ్ వీసా ఉంది, రెండేళ్ల దాకా ఇస్తారు, కాకపోతే ఆ ట్రైనింగ్ మన దేశంలో దొరకదు అని కంపెనీయే చూపించాలి, మన హోటల్ పిల్లల్లో దాని మీద వెళ్లినవాళ్లని నేను చూడలేదు.

ఇంకో సంగతి, స్పాన్సర్ అంటే హోటల్ అనుకుంటాం మనం, కాదు. అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు ఇచ్చిన కొన్ని సంస్థలు ఉంటాయి, వాటినే స్పాన్సర్ అంటారు, జే-1 వీసాకి కావాల్సిన డీఎస్-2019 అనే పేపర్ ఇచ్చేది వాళ్లే, మన పిల్లలకి అక్కడ బాధ్యత వాళ్లదే. హోటల్‌ని హోస్ట్ అంటారు. ఇక్కడ మన దగ్గర డబ్బులు తీసుకునే కన్సల్టెన్సీ ఈ రెండూ కాదు, మధ్యలో మనిషి అంతే. ఏ సంస్థకి గుర్తింపు ఉందో జే-1 వీసా అధికారిక వెబ్‌సైట్‌లో లిస్టు ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు డీఎస్-7002 దగ్గరికి వస్తాను. దీన్నే ట్రైనింగ్ ప్లాన్ అంటారు. మొదట్లో పిల్లాడి వివరాలు, హోటల్ వివరాలు, వారానికి ఎన్ని గంటలు, ఎంత డబ్బు ఇస్తారు అని ఉంటుంది. తర్వాత ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కో షీటు. ఆ షీటులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అక్కడ పిల్లాడి పనేంటి, ఏం నేర్పిస్తారు, ఎలా నేర్పిస్తారు, నేర్పించే మనిషి పేరేంటి, ఆయనకున్న అర్హతేంటి, నేర్చుకున్నాడో లేదో ఎలా చూస్తారు, ఇవన్నీ రాసి ఉండాలి. మా వాడి ప్లాన్‌లో కిచెన్ నాలుగు నెలలు, ఎఫ్ అండ్ బీ సర్వీస్ అంటే రెస్టారెంట్‌లో వడ్డించే పని నాలుగు నెలలు, ఫ్రంట్ ఆఫీస్ నాలుగు నెలలు అని చక్కగా రాసి ఉంది. అలా రాయక తప్పదు కూడా, హోటల్ లైన్‌లో ఆరు నెలలు దాటితే కనీసం మూడు డిపార్ట్‌మెంట్లు తిప్పాలని రూలు. క్లర్కు పనులు 20 శాతం దాటకూడదు, కూలి పనికి అసలు పెట్టుకోకూడదు, వారానికి కనీసం 32 గంటలు ఇవ్వాలి. ఇవన్నీ నేను చెప్తున్నవి కాదు, వాళ్ల ప్రభుత్వ నిబంధనల్లో ఉన్నవే.

జరిగిందేంటంటే, వాడు దిగిన రెండో రోజే స్టీవార్డింగ్‌లో పడేశారు. హోటల్ వాళ్లకి తెలుస్తుంది ఆ మాట, గిన్నెలు కడిగే సెక్షన్ అండి. అట్లాంటిక్ ఒడ్డున పెద్ద రిసార్ట్ అది, సీజన్‌లో రోజుకి వందల మంది భోజనాలకి వస్తారు. వీడియో కాల్ చేస్తే వాడి వెనకాల ఆవిరి, ప్లేట్ల చప్పుడు తప్ప ఏం వినపడేది కాదు. చేతులు చూపించమంటే చూపించేవాడు కాదు, ఒకరోజు మా అమ్మ గట్టిగా అడిగితే చూపించాడు, వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయి తెల్లగా ఉంది, అక్కడ వాడే కెమికల్‌కి. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్లరా అంటే "అక్కా ఇక్కడ డాక్టర్ అంటే వేల డాలర్లంట" అన్నాడు. వాడికి ఇన్సూరెన్స్ ఉందని వాడికే తెలీదు. జే-1 మీద వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి, ఒక జబ్బుకి గాని ప్రమాదానికి గాని కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ, మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన డిడక్టబుల్ 500 డాలర్లు దాటకూడదు. ఆ కార్డు పీడీఎఫ్ వాడి మెయిల్‌లోనే ఉంది, కన్సల్టెన్సీ వాళ్లు ఫార్వర్డ్ చేసిన ఇరవై ఫైళ్లలో ఒకటిగా.

నాలుగు నెలలు అయ్యింది, ఐదు అయ్యింది, డిపార్ట్‌మెంట్ మారలేదు. ఆరో నెలలో మిడ్ పాయింట్ ఎవాల్యుయేషన్ అని ఒక ఫారం వచ్చింది, ఆరు నెలలు దాటిన ప్రోగ్రాంలకి మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి ఇలా పెట్టాలి. సూపర్‌వైజర్ అన్నీ బాగున్నాయని నింపేసి ఇక్కడ సైన్ చెయ్ అన్నాడంట, వీడు చేసేశాడు. ఎందుకు చేశావురా అంటే "చెయ్యకపోతే వెనక్కి పంపించేస్తారని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారక్కా, నోరెత్తితే వీసా క్యాన్సిల్ అంట" అన్నాడు. ఆ భయమే అన్నిటికీ మూలం అండి. 21 ఏళ్ల పిల్లాడు, ఇంట్లో అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయని తెలిసిన పిల్లాడు, ఎలా నోరెత్తుతాడు.

ఆ రాత్రే నేను వాడి మెయిల్ ఓపెన్ చేసి ఫైళ్లన్నీ ప్రింట్ తీశాను. కౌంటర్ మీద పరిచి ఒక్కొక్కటీ చదువుకుంటూ వెళ్తుంటే సంతకం పేజీ వచ్చింది, నేనే ప్రింట్ తీసిన పేజీ. నా తమ్ముడి సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో, హోటల్ వాళ్లు ఈ ప్లాన్‌లో రాసినట్టు నిజమైన ట్రైనింగ్ ఇవ్వట్లేదని నాకు అనిపిస్తే వీలైనంత తొందరగా స్పాన్సర్‌కి తెలియజేస్తాను అన్న అర్థం వచ్చే మాట ఉంది. చూడండి, నోరెత్తితే వీసా పోతుందని మా వాడు భయపడుతున్నాడు, వాడు సంతకం పెట్టింది మాత్రం నోరెత్తుతానని ఒప్పుకుంటూ. ఆ పేపర్ వాడిని కట్టి పడేసే పేపర్ కాదు, వాడి చేతిలో ఉన్న పేపర్. మాకు ఆ పేజీ ఒక్కటే పంపించి, అది కూడా సాయంత్రం లోపు కావాలని తొందర పెట్టి, చదవనివ్వకుండా చేశారు. మేమూ చదవలేదు, ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను.

తర్వాత రోజు ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని స్పాన్సర్‌కి మెయిల్ రాశాం. ఎక్కువ ఏం రాయలేదు, ప్లాన్‌లో ఉన్న తేదీలు ఒక పక్క, నిజంగా పనిచేసిన సెక్షన్ ఒక పక్క, డ్యూటీ చార్ట్ ఫోటోలు పెట్టి, అంతే. వీసా క్యాన్సిల్ అవ్వలేదు. నాలుగో రోజు స్పాన్సర్ నుంచి ఒకావిడ వీడితో ఫోన్‌లో మాట్లాడింది, తర్వాత హోటల్‌తో మాట్లాడింది. ఎనిమిదో నెలలో వీడిని కోల్డ్ కిచెన్‌లోకి, అంటే సలాడ్లు లాంటివి చేసే చోటికి మార్చారు, చివరి రెండు నెలలు ఫ్రంట్ ఆఫీస్ ఇచ్చారు. ఎఫ్ అండ్ బీ సర్వీస్ అసలు చూడలేదు, పోయిన ఏడు నెలలు మళ్లీ రావు. అలాగని ఏం నేర్చుకోలేదని అనను, ఆ కోల్డ్ కిచెన్‌లో ఒక మెక్సికన్ షెఫ్ దగ్గర కత్తి పట్టడం దగ్గర నుంచి నేర్చుకున్నాను అని ఇప్పటికీ చెప్తాడు, ఇక్కడ బీచ్ రోడ్డులో ఒక హోటల్‌లో ఉద్యోగం వచ్చింది కూడా ఆ మూడు నెలల పని చూపించే. అంటే సరిగ్గా జరిగితే ఈ వీసా మంచిదే అండి. నా బాధ కూడా అదే.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. కన్సల్టెన్సీకి అన్నీ కలిపి మూడున్నర లక్షలు కట్టాం. అందులో ప్రభుత్వ ఫీజులు అని 70 వేలు రాశారు. ఆ పైన నేను లెక్క చూస్తే వీసా మీద వచ్చే విద్యార్థులు, ట్రైనీల రికార్డు కోసం తీసుకునే సెవిస్ ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, మొత్తం 405, అప్పటి రేటుకి 34 వేలు. మిగతాది ఏమైంది అంటే ప్రాసెసింగ్ అన్నారు. మన దేశంలో ఎమిగ్రేషన్ చట్టం 1983 కింద లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ అయితే సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ మాట అడిగితే "మేం రిక్రూటింగ్ ఏజెంట్లం కాదమ్మా, ఎడ్యుకేషన్ కన్సల్టెన్సీ" అన్నారు. కాలేజీలో సెమినార్ పెట్టినప్పుడు మాత్రం జాబ్ అన్నారు. కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి ముందు మళ్లీ వాళ్లే "జాబ్ అనే మాట నోట్లోంచి రాకూడదు, ట్రైనింగ్ అనాలి" అని బట్టీ పట్టించారు. ట్రైనింగ్ అన్నదే నిజం, ఆ నిజం మాత్రం మూడున్నర లక్షలు కట్టాక, హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఆ కాన్సులేట్ దగ్గర లైన్‌లో నిలబడే ముందు రోజు చెప్పారు.

అక్కడ జీతం గంటకి 14 డాలర్లు, నలుగురు ఉన్న రూమ్‌కి వారానికి మనిషికి 140 డాలర్లు కట్ చేసేవాళ్లు. సీజన్ తగ్గాక వారానికి 24 గంటలే ఇచ్చేవాళ్లు, 32 ఇవ్వాలని చెప్పాను కదా, అది కూడా మెయిల్ పెట్టాకే సర్దారు. ఇంకొకటి, నేను వాడి పే స్లిప్‌లు ప్రింట్ తీసి చూస్తుంటే అక్కడి పెన్షన్‌కి పట్టే సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, పెద్దవాళ్ల వైద్యానికి పట్టే మెడికేర్ 1.45 శాతం కట్ అయ్యి కనిపించింది. మొదటిసారి జే-1 మీద వెళ్లిన ట్రైనీలకి, ఇంటర్న్‌లకి మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండదు. రెండు వారాల జీతం మీద 68 డాలర్ల పైనే పోతోంది. హోటల్ పేరోల్ వాళ్లని అడిగితే పొరపాటు అని వెనక్కి ఇచ్చారు, వాళ్లు ఇవ్వకపోతే ట్యాక్స్ ఆఫీసుకి ఫారం 843 పెట్టుకోవచ్చు. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం మామూలుగానే కట్ అవుతుంది, అది వేరే. ఇప్పుడు అక్కడ ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే ఒకసారి పే స్లిప్ తీసి చూసుకోండి నాన్నా.

ఈ మధ్య ఇంకో ప్రచారం మొదలైంది. జే-1 అయిపోయాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి అనే రూలు కొందరికి ఉంటుంది, ఏ దేశంలో ఏ పనుల వాళ్లకి అది పడుతుందో చెప్పే స్కిల్స్ లిస్టులోంచి మన దేశాన్ని 2024 డిసెంబర్‌లో తీసేశారు, ఇది నిజమే. దాన్ని పట్టుకుని "ఇంక తిరిగి రానక్కర్లేదు, అక్కడే సెటిల్" అని వాట్సాప్‌లో పోస్టర్లు వేస్తున్నారు. రెండేళ్ల రూలు పోవడం వేరు, వీసా గడువు వేరు. ప్రోగ్రాం అయ్యి 30 రోజులు దాటాక అక్కడ ఉండే హక్కు ఈ వీసా ఇవ్వదు, ఉండాలంటే వేరే వీసా ఏదో సంపాదించుకోవాల్సిందే. పైగా 2025 మే నెలాఖరులో కొన్ని వారాలు స్టూడెంట్, జే వీసాల ఇంటర్వ్యూ స్లాట్లే కొత్తగా ఇవ్వడం ఆపేశారు, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు సోషల్ మీడియా అకౌంట్లు అన్నీ పబ్లిక్‌లో పెట్టాలన్నారు. ఇవన్నీ మారుతూ ఉంటాయి, మన చేతిలో లేవు. అప్పు చేసి ముందే డబ్బు కట్టినవాళ్లకి ఆ కొన్ని వారాల్లో నిద్ర ఉండదు, స్లాట్ కోసం నా షాపులోనే రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చున్న పిల్లల్ని చూశాను.

అమెరికా ఒక్కటే కాదండి. జపాన్‌లో టెక్నికల్ ఇంటర్న్ ట్రైనింగ్ అని 1993 నుంచి ఉంది, 2017లో మన దేశం కూడా ఒప్పందం చేసుకుంది. పేరు ట్రైనింగ్, చేయించేది మాత్రం మనుషులు దొరకని ఫ్యాక్టరీ పనులు, పొలం పనులు, నచ్చకపోయినా యజమానిని మార్చుకునే వీలు లేదు, అందుకని ఏటా వేల మంది పనిచేసే చోటు నుంచి మాయం అయిపోయేవాళ్లు. చివరికి వాళ్ల పార్లమెంటే 2024 జూన్‌లో దాన్ని తీసేసి కొత్త పద్ధతి పెట్టాలని చట్టం చేసింది, 2027లో మొదలవుతుంది, ఒకటి రెండేళ్లు చేశాక షరతుల మీద అదే లైన్‌లో వేరే చోటికి మారొచ్చు. ముప్పై ఏళ్లు పట్టింది వాళ్లకి ఆ మాట ఒప్పుకోవడానికి. తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, జర్మనీకి నర్సుల్ని, జపాన్‌కి కేర్ పనులకి భాష నేర్పించి మరీ పంపిస్తోంది. మన ఆంధ్రాలో కూడా ఓమ్‌క్యాప్ ఉంది, ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. వీళ్లు ఎవరూ మా తమ్ముడి కాలేజీకి రాలేదు, వచ్చింది కన్సల్టెన్సీ వాళ్లే.

అయ్యా, నేను అడిగేది ఇది. మీ పేపర్‌లో చదువుల పేజీ వస్తుంది కదా, అందులో ఒకసారి ఈ డీఎస్-7002 ఫారంని పెద్దగా వేసి, ఏ గడిలో ఏం ఉండాలో తెలుగులో వివరించండి. ఇంటర్మీడియట్ చదివిన నాకే డిక్షనరీ పెట్టుకుంటే అర్థమైంది, తెలుగులో ఇస్తే ప్రతి తల్లీ చదువుతుంది. ప్రకటనలు కూడా, "అమెరికాలో జాబ్ గ్యారంటీ" అని జే-1ని చూపించే ప్రకటన వస్తే వేసే ముందు స్పాన్సర్ పేరు అడగండి. కాలేజీల వాళ్లు సెమినార్‌కి హాలు ఇచ్చే ముందు అదే అడగాలి, పిల్లలు కాలేజీ మీద నమ్మకంతో సంతకాలు పెడుతున్నారు, కన్సల్టెన్సీ మీద నమ్మకంతో కాదు. ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే, ప్రతి జిల్లాలో ఉపాధి కార్యాలయంలో ఒక మనిషిని పెట్టండి, విదేశాలకి ట్రైనింగ్ పేరుతో వెళ్లే పిల్లాడు కాగితాలు తెస్తే సంతకం పెట్టకముందు చదివి తెలుగులో చెప్పడానికి. కొత్త పథకం ఏం అక్కర్లేదు, ఒక కుర్చీ, ఒక బల్ల, చదవడం వచ్చిన మనిషి.

అమ్మానాన్నలకి కూడా ఒక మాట. పిల్లాడు ఫోన్‌లో బాగానే ఉన్నాను అంటే ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నావురా అని అడగండి, ఆ నెలకి ప్లాన్‌లో ఏం రాసి ఉందో పక్కన పెట్టుకుని అడగండి. ప్లాన్ కాపీ ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టుకోండి, పాస్‌పోర్ట్ జిరాక్స్ పక్కన. కన్సల్టెన్సీ వాళ్లు కాపీ ఇవ్వం అని అంటే పంపించకండి పిల్లాడిని, ఇంకో ఏడాది ఆగినా ఏం కాదు.

పోయిన వారం వచ్చిన అబ్బాయికి సంతకం పేజీ ఒక్కటే ప్రింట్ తీసి ఇవ్వనన్నాను. కొంచెం కోపం వచ్చింది వాడికి, టైం అయిపోతోంది అన్నాడు. కన్సల్టెన్సీకి ఫోన్ చేయించి ఫారం మొత్తం తెప్పించాను, నలభై నిమిషాలు పట్టింది తెప్పించడానికి. వచ్చాక ఇద్దరం కూర్చుని చదివితే ట్రైనింగ్ అంతా ఒకే డిపార్ట్‌మెంట్, పన్నెండు నెలలూ హౌస్ కీపింగ్, నేర్పించే మనిషి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. వాడు ఆ రోజు సంతకం పెట్టలేదు, వాళ్ల నాన్నని తీసుకుని మళ్లీ వస్తానని వెళ్లాడు. నేను ఆ ఫారంలో ఉండే ప్రశ్నలన్నీ తెలుగులో రాసి లామినేషన్ చేయించి షాపు గోడకి పెట్టాను, విశాఖలో ఎవరికైనా కావాలంటే వచ్చి కాపీ తీసుకోవచ్చు, దానికి నేను డబ్బులు తీసుకోను.

తమ్ముడు ఇంకా అదే లైన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు కాబట్టి మా పేర్లు వేయొద్దని మనవి.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు అక్క,
డాబాగార్డెన్స్, విశాఖపట్నం